మైకు మావయ్య మాట్లాడని సభ

మైకు మావయ్యకి ఎదుటి మనిషిలో ముందుగా కనిపించేది గడ్డం. ఇందులో ఆయన తప్పేమీ లేదు, వృత్తి అలాంటిది. మైకు స్టాండుకి నడిమధ్యన ఉండే మరని ఎంత వదులు చెయ్యాలో, లోపలి గొట్టాన్ని ఎంత పైకి లాగాలో చెప్పేది మాట్లాడబోయే మనిషి గడ్డం ఎత్తే. అందుకని ఎవరైనా గుమ్మంలోకి రాగానే, వచ్చింది చుట్టమైనా చందాకొచ్చినవాడైనా, ఆయన కుడిచెయ్యి తనకు తెలియకుండానే లేచి గాల్లో ఒకచోట ఆగుతుంది. "ఏమిటా చెయ్యి? దీవిస్తున్నారా?" అని భార్య విసుక్కుంటుంది. ఆయన గబుక్కున చెయ్యి దించేసుకుంటాడు గానీ, కొలత మాత్రం అప్పటికే బుర్రలో పడిపోయి ఉంటుంది. ఒకసారి పడిందంటే ఇక పోదు.

వీధి మలుపులో ఆయన కొట్టు. సగం గుమ్మానికి అడ్డంగా గరాటు స్పీకర్లు ఒకదానిలో ఒకటి దూర్చి పేర్చి ఉంటాయి. లోపల గోడకి వైర్ల చుట్టలు, బల్ల మీద మూత విప్పిన ఆంప్లిఫయరు, టంకం వాసన. వైరుని బొటనవేలికీ మోచేతికీ మధ్య చుట్టడంలో ఆయనదొక పద్ధతి. ఎవరైనా సాయం చేస్తామని వచ్చి వేరేలా చుడితే, వాళ్లు వెళ్లేదాకా నవ్వుతూ ఊరుకుని, తర్వాత మొత్తం విప్పి మళ్లీ తన పద్ధతిలో చుట్టుకుంటాడు. మైకు పరీక్షలో కూడా అంతే. అందరిలా హలో హలో అని ఊదడు. "వెనకవాళ్లకి వినపడుతోందా?" అని అడుగుతాడు. ఆఖరి వరసలో ఒక్క చెయ్యైనా లేచేదాకా అక్కణ్ణించి కదలడు. ఖాళీ హాలైతే దారినపోయేవాణ్ణి బతిమాలి తీసుకొచ్చి వెనక నిలబెడతాడు.

ఎన్నికలొచ్చాయంటే అన్ని పార్టీలవాళ్లూ ఆయన కొట్టుకే వస్తారు. పొద్దున ఒకరి సభకి కట్టిన స్పీకర్లే సాయంత్రం వాళ్లని దుమ్మెత్తిపోసేవాళ్ల సభలో మోగుతాయి. ఒకసారి ఎదుటి పార్టీ మనిషి మాట్లాడుతుండగా, ఒక పెద్దమనిషి వెనకనుంచి వచ్చి మైకు కాసేపు ఆపమని చెవిలో గొణిగాడు. "కరెంటు పోయిందనుకుంటార్లే" అన్నాడు. మావయ్య ఆంప్లిఫయరు మీద చెయ్యేసి, "నా దగ్గర కరెంటు పోదండీ, బ్యాటరీ ఉంది" అన్నాడు. ఆ పెద్దమనిషి మళ్లీ ఆయన్ని పిలిస్తే ఒట్టు. ఆ సంగతి చెప్పుకుని మావయ్య ఇప్పటికీ మురిసిపోతుంటాడు. మురిసిపోనివ్వండి, తప్పేముంది?

ఇలాంటి మనిషి వీధికంతటికీ నోరైపోవడంలో వింత లేదు. మురుగుకాలువ పొంగితే ఆఫీసుకెళ్లి అడిగింది ఆయనే. వీధిదీపాలు వెలగకపోతే వెలిగేదాకా తిరిగింది ఆయనే. మలుపు దగ్గర బస్సు ఆగకుండా పోతోందంటే డిపోకి వెళ్లి, అక్కడి పెద్దాయన దిగివచ్చేదాకా బెంచీ మీదనుంచి లేవకుండా కూర్చుందీ ఆయనే. మొదట్లో ఇద్దరు ముగ్గురు వెంట వెళ్లేవారు. పోనుపోను వాకిట్లోంచే "వెళ్లొస్తున్నారా మావయ్యా?" అని పలకరించడంతో సరిపెట్టుకున్నారు. తర్వాత ఆ పలకరింపూ పోయింది. ఏదైనా పాడైతే మావయ్యకి చెప్పెయ్యడం, చెప్పేశాం కదా అని తలుపేసుకోవడం. మరి ఆయనకి కష్టంగా ఉండేదా అంటే, అబ్బే! మహా గొప్పగా ఉండేది. అందరి తరఫునా నిలబడి మాట్లాడుతుంటే ఆయన గొంతు ఆయనకే ముద్దొచ్చేది.

ఆ ముద్దు కాస్తా కిందటేడు ఆటస్థలం దగ్గర తీరిపోయింది. పిల్లలు ఆడుకునే ఖాళీ స్థలాన్ని లారీలు నిలిపే చోటుగా మారుస్తామని నగర కార్యాలయంవాళ్లు ప్రకటించి, జనం అభిప్రాయం వినడానికి సభ పెట్టారు. వీధి వీధంతా కదిలి వెళ్లింది. మావయ్య లేచి, పిల్లల దగ్గర మొదలుపెట్టి పిల్లల పిల్లల దాకా వెళ్లి, అందరి కళ్లూ చెమ్మగిల్లేలా మాట్లాడాడు. హాలు చప్పట్లతో దద్దరిల్లిపోయింది. మావయ్య చెప్పేశాడుగా అని అందరూ ఇళ్లకొచ్చేశారు. కొన్నాళ్లకి నిర్ణయం వచ్చింది: సభలో ఒక పౌరుడు అభ్యంతరం తెలిపారు, హాజరైన తక్కినవారెవరూ తెలపలేదు, కాబట్టి లారీల చోటుకే ఆమోదం.

"ఒక పౌరుడేంటి? మేమంతా చప్పట్లు కొట్టాం కదా!" అని వీధంతా గుండెలు బాదుకుంది. చప్పట్లు రాసుకునే గడి ఆ కార్యాలయంలో లేదు మరి. లారీలు వచ్చేశాయి. వీధి కొన్నాళ్లు కార్యాలయాన్ని తిట్టుకుని, తర్వాత మర్చిపోయింది. మావయ్య మాత్రం మర్చిపోలేదు. లారీ హారను మోగినప్పుడల్లా ఆయన మొహం మాడిపోయేది.

ఇప్పుడు వంతు ఆరోగ్య కేంద్రానిది. వీధి చివర రెండు గదుల కేంద్రం, ఒక నర్సమ్మ, వారానికి కొన్నిరోజులు వచ్చే డాక్టరు. దాన్ని పెద్దరోడ్డు అవతలికి మార్చి, ఈ గదుల్లో పాత ఫైళ్లు దాచుకుంటారట. మావయ్యకి ఇది ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. భార్యకి చక్కెర జబ్బు, ఎడమ పాదం మీద మానని పుండు. రోజు విడిచి రోజు ఆవిడ గోడలు పట్టుకుంటూ ఆ కేంద్రానికెళ్లి కట్టు మార్పించుకుంటుంది. పెద్దరోడ్డు దాటి వెళ్లడం ఆవిడ వల్ల కాదు. కట్టు ఆలస్యమైతే పాదం దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

మళ్లీ సభ పెట్టారు. ఈసారి మావయ్య ముందే జాగ్రత్తపడ్డాడు. గడప గడపా ఎక్కి, "ఒక్కడు మాట్లాడితే ఒకటే రాసుకుంటారు. మీరూ లేవాలి, మాట్లాడాలి" అని నచ్చజెప్పాడు. అందరూ కూర్చోబెట్టి టీ ఇచ్చారు. అందరూ తలూపారు. గుమ్మం దాకా సాగనంపుతూ అందరూ అన్నది ఒక్కటే మాట: "మీరున్నారుగా మావయ్యా!"

వీధిలో అందరికంటే ఎక్కువ మాట్లాడే మనిషి బొత్తాల పిన్ని. దర్జీ పని ఆవిడది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా గలగలా మాట్లాడగలదు. సభ అనేసరికి ఆవిడ కూడా చేతులెత్తేసింది.

"మైకు ముందు నిలబడితే నాకు కాళ్లు వణుకుతాయి మావయ్యా. అయినా నేను స్టూలెక్కితే తప్ప ఆ మైకు నాకందదు."

"అందేలా దించడం నా పని పిన్నీ. మాట్లాడ్డం నీ పని."

"ఆ, చూద్దాంలెండి" అంది పిన్ని, మిషను తొక్కడం మొదలుపెడుతూ.

సభకి ముందురోజు సాయంత్రం మావయ్య ఇంట్లో గరిటె పట్టుకుని ఉపన్యాసం సాధన చేశాడు. భార్య తన పాదాన్ని స్టూలు మీద పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. ఉపన్యాసం దివ్యంగా ఉంది. చివరి మాట దగ్గర ఆయనే కళ్లు తుడుచుకున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బ్రహ్మాండంగా ఉంది. అదే వచ్చిన చిక్కు" అంది ఆవిడ. "మీరింత బాగా మాట్లాడతారని తెలిసి, ఇక వేరేవాళ్లు నోరు తెరుస్తారా? వీళ్లని ఇలా తయారుచేసింది ఎవరనుకుంటున్నారు? కార్యాలయమా?"

మావయ్యకి చుర్రుమంది. "అంటే నేనా? ఊరందరి కోసం చెప్పులరిగేలా తిరిగిన నేనా?"

"తిరిగారు. వాళ్ల చెప్పులు అరక్కుండా చూశారు కూడా."

ఆయన గరిటె బల్ల మీద విసిరికొట్టి బయటికెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. భోజనానికి మాత్రం ఆవిడ పిలిచిన మొదటి పిలుపుకే లోపలికొచ్చాడు.

సభకి మైకు పెట్టిందీ ఆయనే, మామూలుగానే. హాలు నిండింది. వేదిక మీద బల్ల వెనక అధికారిణి, పక్కన రాసుకునే గుమాస్తా. ఆవిడ చెడ్డమనిషేం కాదు. అలసిపోయిన మొహం, ఆగిన ఫ్యాను కింద విసనకర్రలా ఊపుకుంటున్న ఒక ఫైలు. గొంతు సవరించుకుని నిబంధన చెప్పింది.

"అభ్యంతరం ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, పేరు చెప్పి మాట్లాడాలి. మాట్లాడనివాళ్లకి అభ్యంతరం లేదని రాసుకుంటాం. ఇది నేను పెట్టిన నియమం కాదు. రండి."

ఎవరూ లేవలేదు. తలకాయలన్నీ ఒక్కసారిగా మావయ్య వైపు తిరిగాయి. ఆయన ఆంప్లిఫయరు పక్కన పీట మీదనుంచి హాలంతా కలయజూశాడు. జనం కుర్చీల్లో వెనక్కి వాలి, కాళ్లు బారజాపుకుని హాయిగా ఉన్నారు. ఒకాయన అప్పుడే జేబురుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు, కిందటిసారి ఏడుపొచ్చింది కదా అని. ముందు వరసలో పక్కకి భార్య, కట్టున్న పాదం చాపుకుని, ఆయన వైపు చూడకుండా ఎదురుగా చూస్తోంది.

మావయ్య లేచాడు. చప్పట్లు మొదలయ్యాయి. స్టాండు దగ్గరికి వెళ్లాడు. ఉపన్యాసం మొత్తం నాలుక చివర సిద్ధంగా ఉంది, మొదటి మాట అంటే చాలు, తక్కినదంతా దానంతటదే దొర్లుకుంటూ వచ్చేస్తుంది. ఆయనకి భయమేసింది. తను నోరు విప్పకపోతే ఎవరూ విప్పకపోవచ్చు. ఎవరూ విప్పకపోతే ఆ పాదం ఏమౌతుంది?

ఆయన మర వదులు చేశాడు. గొట్టాన్ని కిందికి దించాడు. ఇంకా దించాడు. గొట్టం అడుగంటేదాకా దించి, మర బిగించి, మైకుని కాస్త పైకి వంచి, వెనక్కి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

చప్పట్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఆ వీధిలో మైకు అంత కిందికి దిగాల్సిన మనిషి ఒక్కరే. ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు. మావయ్య వైపు తిరిగిన తలకాయలన్నీ ఇప్పుడు బొత్తాల పిన్ని వైపు తిరిగాయి.

"మీరు మాట్లాడరా?" అని అడిగింది అధికారిణి.

"మాట్లాడతాను మేడమ్. నా వంతు చివర్లో."

"ఏంటి మావయ్యా ఇది?" అని పిన్ని కూర్చున్నచోటునుంచే కీచుమంది.

"అదేదో ఆ మైకులో అడుగు పిన్నీ" అన్నాడు మావయ్య.

హాలు గొల్లుమంది. పిన్ని మొహం కందగడ్డైపోయింది. తనని చూసి ఎవరైనా నవ్వితే ఆవిడకి మహా కోపం. విసవిసా నడిచి మైకు దగ్గరికొచ్చింది. కాళ్లు వణికాయో లేదో చూసుకునే తీరిక కూడా లేదు.

"మీకు బుద్ధుందా అసలు? అందరి ముందూ నా పరువు తీస్తారా?" అంది. ఆ తిట్టు హాలు నాలుగు మూలలా మోగింది. పిన్ని ఉలిక్కిపడింది. తర్వాత తన గొంతు అంత పెద్దదా అని ఆశ్చర్యపోయినట్టు మైకు వైపు ఒకసారి చూసింది. ఆ గొంతు ఆవిడకి నచ్చినట్టే ఉంది, ఎందుకంటే ఆగలేదు. "నిన్నగాక మొన్న నా ఇంటికొచ్చి నువ్వూ మాట్లాడాలి పిన్నీ అన్నారు. ఏం మాట్లాడను? నా మనవడికి ఊపిరాడని రోజుల సంగతి మాట్లాడనా? మిషను మీంచి లేచి, చెప్పులైనా వేసుకోకుండా వాణ్ణి ఎత్తుకుని పరిగెడతాను నేను. నర్సమ్మ ఆ ఆక్సిజన్ గొట్టం వాడి ముక్కుకి పెట్టేదాకా నా ప్రాణం నాలో ఉండదు. రేపట్నుంచి పెద్దరోడ్డు దాటాలంట! లారీలు నన్ను చూసి ఆగుతాయా?" అంటూ అధికారిణి వైపు తిరిగింది. "ఫైళ్లు పెడతారంట మేడమ్ అక్కడ. ఫైళ్లకి ఊపిరాడకపోతే చస్తాయా?"

అధికారిణి ఊపుకుంటున్న ఫైలు ఆగిపోయింది.

"దీన్ని అభ్యంతరంగా రాసుకోమంటారా అమ్మా?"

"మరి ఇంతసేపూ నేను చేసిందేమనుకున్నారు?" అంది పిన్ని. పూర్తి పేరు, ఇంటి నంబరు, పనిలో పనిగా కొట్టు తెరిచి ఉండే వేళలు కూడా చెప్పి వచ్చి కూర్చుంది.

ఆమె కూర్చునేలోపే మావయ్య స్టాండు దగ్గర ఉన్నాడు. గొట్టాన్ని బారెడు పైకి లాగి బిగించాడు. అంత ఎత్తు మనిషి వ్యాయామశాల నడిపే కండల బావ తప్ప ఇంకెవరూ కారు. బావ లేచి, అంత పెద్ద శరీరాన్నీ ముడుచుకుంటూ వచ్చి, "మా నాన్నకి బీపీ. నాకూ అభ్యంతరమే" అని చెమటలు కక్కుతూ వెళ్లిపోయాడు. అంతే మాట్లాడాడు. గుమాస్తా రాసుకున్నాడు. తర్వాత గొట్టం కొంచెం దిగింది, గడియారాలు బాగుచేసే తాత లేచాడు. ఆ తర్వాత మైకు తమ ఎత్తుకి రావడం కోసం ఎవరూ ఎదురుచూడలేదు. తామే లేచి వరసలో నిలబడ్డారు. ఆయనకి పైకి లాగడం, కిందికి దించడంతోనే సరిపోయింది.

మధ్యలో కిరాణా కొట్టాయన వచ్చి, "నేను మార్చమనే అంటాను. అవతల కొత్త కట్టడంలో మంచాలు ఎక్కువట, అటువైపు జనానికి అసలు కేంద్రమే లేదు" అన్నాడు. వెనకనుంచి ఈలలు, కేకలు. మావయ్య ఆంప్లిఫయరు మీద మీట తిప్పి ఆయన గొంతు పెంచాడు.

"అరవకండి. ఆయన మాట కూడా వెనకదాకా వినపడాలి" అన్నాడు. కొట్టాయన మొత్తం చెప్పుకుని, రుమాలుతో మెడ తుడుచుకుంటూ వెళ్లి కూర్చున్నాడు. అదీ రాసుకున్నారు.

ఇక అయిపోయిందనుకునే వేళకి కుర్చీ చప్పుడైంది. మావయ్య భార్య లేచింది. ఆవిడ సభల్లో మాట్లాడటం ఆయన ఏనాడూ చూడలేదు. కంగారుగా స్టాండు దగ్గరికెళ్లి చెయ్యెత్తాడు. ఇన్నేళ్ల కాపురం, ఆ కొలత ఆయనకి రాకపోవడమేమిటి? గొట్టం లాగి బిగించాడు. ఆవిడ కుంటుకుంటూ వచ్చి నిలబడింది. మైకు ఆవిడ నుదుటికి తగిలింది.

"నేనింకా అంత పొడుగున్నాననుకుంటున్నారా?" అంది ఆవిడ నెమ్మదిగా. పాదం మోపలేక ఒక పక్కకి వంగి నిలబడే మనిషి ఆవిడ ఇప్పుడు. ఎంత వంగిపోయిందో ఆయన కొలవనే లేదు. ఆయన మర వదులు చేసి గొట్టాన్ని కిందికి దించాడు. రెండోసారికి గానీ బిగించలేకపోయాడు.

"నా పాదం సంగతి ఆయన ఎక్కడా చెప్పరు" అంది ఆవిడ మైకులో. "చెప్తే సొంత పని కోసం మాట్లాడుతున్నాడంటారని భయం. నేను చెప్తున్నాను. ఇది నా సొంత పనే. ఇక్కడ వరస కట్టినవాళ్లందరికీ సొంత పనే. సొంత పనికి ఇంకొకర్ని పంపించి ఇంట్లో కూర్చోవడం ఇన్నాళ్లూ మాకు అలవాటైపోయింది. రాసుకోండి మేడమ్, నాకు అభ్యంతరం ఉంది."

ఇక్కడే ఒక మాట చెప్పేస్తే వినేవాళ్ల ప్రాణం కుదుటపడుతుంది. ఆ కేంద్రం కదల్లేదు. పెద్దరోడ్డు అవతల వేరొకటి తెరిచారు, ఫైళ్లకి ఇంకో చోటు చూసుకున్నారు. కిరాణా కొట్టాయన అది తన గొప్పేనంటాడు, అందులో కొంత నిజం కూడా ఉంది. మావయ్య భార్య పాదం మానడానికి చాలాకాలం పట్టింది గానీ, మానింది. ఇవన్నీ తర్వాతి సంగతులు.

"మీ వంతు" అంది అధికారిణి.

మావయ్య లేచాడు. చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఉపన్యాసంలోని మాటలన్నీ, అంత అందంగా కాకపోయినా, ఎవరో ఒకరు చెప్పేశారు. ఆయనకి కొంచెం కష్టంగానే అనిపించింది, అంత మంచి ఉపన్యాసం! అంతకంటే చాలా ఎక్కువ సంతోషంగా కూడా అనిపించింది. మైకు ఇంకా భార్య ఎత్తులోనే ఉంది. ఆయన మర ముట్టుకోలేదు. నడుం వంచి, ఆ ఎత్తుకే మొహం పెట్టి మాట్లాడాడు.

"నేనూ ఒక్కణ్ణే మేడమ్. నన్ను కూడా ఒకటి రాసుకోండి."

గుమాస్తా రాసుకున్నాడు. ఈసారి చప్పట్లు లేవు. జనం కుర్చీల్లో ముందుకు వంగి కూర్చున్నారు, ఇంకా ఎవరైనా మాట్లాడతారేమోనని పక్కలకి చూసుకుంటున్నారు. మావయ్య అలవాటు కొద్దీ తలెత్తి ఆఖరి వరస వైపు చూశాడు.

"వెనకవాళ్లకి వినపడిందా?" అని అడిగాడు.

వెనక వరసలోనే కాదు, హాలంతా చేతులు లేచాయి. ముందు వరసలో ఆయన భార్య చెయ్యి కూడా ఉంది.